పై ఇంట్లో రోట్లో దంచితే కింది ఇల్లు ఎందుకు అదురుతుంది?

కర్నూలు, కడప పట్టణాల అపార్ట్‌మెంట్లలో పై ఇంటివారి మాటలు వినబడకపోయినా, వారు రోట్లో ఊరిమిండి (పచ్చడి) దంచినా, కుర్చీ జరిపినా ఆ చప్పుడు కిందికి స్పష్టంగా వినిపించడం పిల్లలకు వింతగా తోస్తుంది.

మాట గాలిలో పుట్టి, బరువైన కాంక్రీటు కప్పును కదిలించలేక చాలావరకు వెనుదిరుగుతుంది. రోకటి పోటు మాత్రం నేరుగా కప్పుకే తగలడం వల్ల, తట్టిన డప్పులా కప్పంతా అదిరి, కింది గాలిని కూడా అదిరించి శబ్దమవుతుంది; ఈ అదురునే కంపనం అంటారు. గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు సాగే ధ్వని, కాంక్రీటులో దాదాపు పది రెట్ల వేగంతో పరుగెత్తి, గోడల వెంట పక్క గదులకూ చేరుతుంది.

రాయలసీమ పాత మిద్దెలలో దూలాలపై కట్టెలు పరిచి, వాటిపై మందంగా చవుడు మట్టి వేసేవారు గనుక, ఆ మట్టి రేణువులు ఒకదానితో ఒకటి రాసుకొని అదురును చాలావరకు మింగేవి. కాంక్రీటు కప్పుకు, దానిపై పరిచిన కడప బండకు ఆ గుణం తక్కువ.

అందువల్ల రోటి కింద మడిచిన గోనెసంచి, కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు ఉంచితే దెబ్బ మెత్తబడుతుంది. కింది ఇంటివారు చెవులు మూసుకోవడం కంటే, చప్పుడు పుట్టే చోటనే దానిని అణచడం సులభమైన ఉపాయం.