గిట్ట – లాడం

ఉత్తరాఖండ్ రాష్ట్రంలోని కేదారనాథ క్షేత్రం సముద్రమట్టానికి సుమారు 3,580 మీటర్ల ఎత్తున ఉంది. గౌరీకుండ్ నుండి అక్కడికి చేరడానికి కొండదారి ఉంది. 2013 నాటి వరదలలో పాత బాట కొంత కొట్టుకుపోగా, తరువాత ఏర్పరచిన మార్గం ఇంచుమించు 16 కిలోమీటర్లు. నడవలేని యాత్రికులను, వారి సామగ్రిని గుర్రాలూ కంచరగాడిదలూ మోసుకుపోతాయి. తెలుగునాట నుండి వెళ్ళే భక్తులు కూడా ఎందరో వాటిపైనే పయనిస్తారు. ఆ రాతిబాటలో యాత్రికుని క్షేమానికి మూలాధారం ఆ మూగజీవి గిట్ట.

సంస్కృతంలో గిట్టను ‘శఫం’ అంటారు. ఆవు, ఎద్దు వంటి వాటి గిట్ట రెండుగా చీలి ఉంటుంది. గుర్రానికి, గాడిదకు చీలిక లేదు కనుక ప్రాచీనులు వాటిని ‘ఏకశఫాలు’ అన్నారు. ఈ కారణం చేతనే ఎద్దు కాలికి రెండు ముక్కల లాడం, గుర్రానికి అర్ధచంద్రాకారపు ఒకే లాడం కొడతారు. మగ గాడిదకు, ఆడ గుర్రానికి పుట్టిన కంచరగాడిదదీ చీలని గిట్టే. అయితే అది గుర్రపు గిట్ట కంటే సన్ననిది, నిటారైనది. అందుచేత గుర్రపు లాడాన్ని యథాతథంగా దానికి బిగించరాదు.

మన గోళ్ళవలెనే గిట్ట బయటి గోడ కూడా కెరటిన్ అనే పదార్థంతో ఏర్పడుతుంది. దానిలో నొప్పి తెలియదు. లోపలి భాగంలో మాత్రం రక్తనాళాలు, నరాలు ఉంటాయి. గిట్ట అడుగున ఈ రెండింటి సరిహద్దును సూచిస్తూ తెల్లని గీత ఒకటి కనిపిస్తుంది. నేర్పరి అయిన పనివాడు ఆ గీతకు వెలుపలనే మేకు దింపుతాడు. మేకు లోనికి దిగితే గాయం చీము పట్టి జంతువు కుంటుతుంది. ధనుర్వాతం సోకే ప్రమాదమూ ఉంది.

లాడం కొట్టించడంతో బాధ్యత తీరిపోదు. గిట్ట నెలకు 6 నుండి 10 మిల్లీమీటర్ల వరకు పెరుగుతుంది. లాడం లేనప్పుడు నేల రాపిడికి అది కొంత అరిగిపోతుంది. లాడం ఆ అరుగుదలను అడ్డుకుంటుంది. అందువల్ల ఆరు నుండి ఎనిమిది వారాలకొకసారి లాడం ఊడదీసి, పెరిగిన గిట్టను చెక్కి, తిరిగి కొట్టాలి. ఉపేక్షిస్తే గిట్ట ముందుకు సాగి, కీళ్ళపై, స్నాయువులపై ఒత్తిడి పెరుగుతుంది. ప్రతిదినం గిట్ట అడుగున ఇరుక్కున్న రాళ్ళను, పేడను తొలగించాలి. తడిలో, మురికిలో నిలిచిన గిట్ట కుళ్ళి దుర్గంధం వేస్తుంది.

యాత్రాకాలం కొన్ని నెలలే. ఒకపూట పని మానితే యజమానికి ఆ పూట కూలి పోతుంది. అందుకే కుంటుతున్న జంతువును కూడా తోలే వారుంటారు. గాయపడిన, అశక్తమైన జంతువుచేత పని చేయించడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నేరం. పశువులకు లాడాలు కొట్టేవారికి అనుమతిపత్రం ఉండాలని 1965లో నియమాలు కూడా చేశారు. అయినా ప్రతి మలుపులోనూ చట్టం కాపలా కాయలేదు. ఎక్కేముందు జంతువును నాలుగడుగులు నడిపించి చూడడం యాత్రికుని ధర్మం. తడబడుతున్నా, లాడం వదులై చప్పుడు చేస్తున్నా ఎక్కరాదు. ఆ విషయం యజమానికి చెప్పాలి. మోసే జీవికి నొప్పి లేకుండా చూసుకోవడం కూడా తీర్థయాత్రలో భాగమే.