మనమూ పరదేశులమే!

ఉత్తరాంధ్ర పల్లెల్లో ఒకప్పుడు ‘రంగం వెళ్లాడు’ అంటే, బతుకుతెరువు కోసం బర్మాలోని రంగూనుకు ఓడెక్కాడని అర్థం. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వేలాదిమంది నిరుపేదలు అలా వెళ్లి అక్కడి రేవులో మూటలు మోశారు. కోరంగి రేవు పేరుమీద బర్మీయులు వారిని ‘కోరంగీలు’ అని పిలిచేవారు.

1930 మే నెలలో ఆ తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యాజమాన్యాలు వారి స్థానంలో బర్మా కూలీలను దించాయి. రాజీ కుదరగానే తెలుగువారిని మళ్లీ పిలిచి, బర్మావారిని పొమ్మన్నాయి. మే 26న రేవులో మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు తెలుగువారే. వేలమంది కూలీలు ప్రాణభయంతో పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు. నిజానికి ఇరుపక్షాలవారూ పేదలే. ఇద్దరికీ కావలసింది ఆ పూట కూలే!

ఇంత జరిగినా చాలామంది అక్కడే ఉండి కష్టపడ్డారు. 1942లో జపాను దాడితో వేలాదిమంది కాలినడకన అడవులు దాటి ఇల్లు చేరే ప్రయత్నంలో దారిలోనే రాలిపోయారు. 1962 తర్వాత సైనిక పాలనలో మరెందరో కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు వారి గుర్తే. వెళ్లలేక మిగిలినవారు మాత్రం పగను కాక ప్రార్థనను పట్టుకున్నారు. మయన్మార్‌లో నేటికీ తెలుగు బాప్టిస్టు సంఘాలున్నాయి. చెరపట్టిన పట్టణపు క్షేమం కోసమే ప్రార్థించమని యిర్మీయా ప్రవక్త బబులోనులోని యూదులకు రాసిన లేఖ (యిర్మీయా 29:7) ఇలాంటివారి కోసమే కదా!

పరదేశిని సొంతవాడిలా ప్రేమించమని ఇశ్రాయేలీయులను ఆజ్ఞాపించిన దేవుడు దానికి ఒకే కారణం చెప్పాడు: ఒకనాడు ఐగుప్తులో వారూ పరదేశులే (లేవీ 19:34). అంటే, పడిన బాధను మరిచిపోవడం కూడా పాపమే. మోయాబీయురాలైన రూతును ఎవరూ అవమానించకూడదని బోయజు తన పనివాళ్లకు ముందే చెప్పాడు. ప్రేమంటే ఆ మాత్రం జాగ్రత్త.

నేడు రోలుగుంట వీధిలోనో, నర్సీపట్నం బస్టాండులోనో మన భాష రాని కూలీ ఒకడు ఎదురుపడవచ్చు. ‘మన పని లాక్కోవడానికి వచ్చాడు’ అనే మాట నాలుక చివరిదాకా రావచ్చు. రంగూను రేవులో మనవాళ్లను చంపింది సరిగ్గా ఆ మాటే! ఆ మాట మింగేసి, అతనికి ఆదివారం ఆరాధనలో పక్కన చోటిద్దాం, పనిచేయించుకుంటే న్యాయమైన కూలి ఇద్దాం. అతని రూపంలో మన గుమ్మంలో నిలబడింది రంగం వెళ్లిన మన తాతే కావచ్చు. కాదు, ఐగుప్తుకు పారిపోయిన బాలయేసే కావచ్చు!