పెర్సీ జాక్సన్: చదవడానికి తంటాలు పడే పిల్లాడు దేవుడి కొడుకైతే?

పన్నెండేళ్ల పెర్సీ జాక్సన్ పుస్తకం తెరిస్తే అక్షరాలు పేజీ మీద ఈదుతున్నట్లు కనిపిస్తాయి. క్లాసులో కుదురుగా కూర్చోలేడు. ఎక్కడికెళ్లినా ఏదో ఒక గొడవలో ఇరుక్కుని స్కూలు మారాల్సి వస్తుంటుంది.

నీలో లోపాలని అందరూ అంటున్నవే నువ్వు దేవుడి బిడ్డవని చెప్పే గుర్తులని ఒక రోజు అతనికి తెలుస్తుంది.

అమెరికా రచయిత రిక్ రయర్డన్ రాసిన 'ది లైట్నింగ్ థీఫ్' నవలకు మూలం ఇదే. 2005లో వచ్చిన ఈ పుస్తకం ఐదు నవలల సిరీస్‌లో మొదటిది. తర్వాత దీని ఆధారంగా సినిమా, రంగస్థల మ్యూజికల్, డిస్నీ ప్లస్ వెబ్ సిరీస్ కూడా వచ్చాయి.

పిల్లలకు గ్రీకు పురాణాలను సరదాగా పరిచయం చేసే పుస్తకంగా దీనికి పేరుంది. ఆ మాట నిజమే. కానీ ఈ కథ పుట్టింది మాత్రం బడిలో ఇబ్బంది పడుతున్న ఒక పిల్లాడి కోసం.

(గమనిక: ఈ కథనంలో నవల ముగింపు వివరాలు కూడా ఉన్నాయి.)

మూడు రాత్రుల కథ

రయర్డన్ 1964లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో పుట్టారు. మిడిల్ స్కూలు పిల్లలకు చాలా ఏళ్లు ఇంగ్లిష్, చరిత్ర పాఠాలు చెప్పారు. పెర్సీ కంటే ముందు ఆయన రాసినవి పెద్దల డిటెక్టివ్ నవలలు. వాటిలో మొదటిది 1997లో వచ్చింది.

ఆయన కుమారుడికి ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా ఉన్నట్లు తేలింది. బడి అంటే ఇష్టం లేని ఆ పిల్లాడికి గ్రీకు పురాణాలంటే మాత్రం ఆసక్తి. రోజూ పడుకునే ముందు తండ్రి ఆ కథలు చెప్పేవారు. తెలిసినవన్నీ అయిపోయాక, అవే పాత్రలతో కొత్త కథ చెప్పమని కొడుకు అడిగాడు. అప్పటికప్పుడు అల్లిన కథ పూర్తవడానికి సుమారు మూడు రాత్రులు పట్టిందని రయర్డన్ చెప్పారు. దాన్ని పుస్తకంగా రాయమన్నది కూడా ఆ పిల్లాడే. రాతప్రతిని ఆయన ముందుగా తన విద్యార్థులతో చదివించారు.

కథానాయకుడికి కూడా ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా ఉండటం వెనుక కారణం ఇదే.

పిడుగు ఎవరు దొంగిలించారు?

దేవతల రాజు జ్యూస్ ఆయుధం పిడుగు. మన ఇంద్రుడి వజ్రాయుధం లాంటిది. అది చోరీ అవుతుంది. అనుమానం పెర్సీ మీద పడుతుంది. ఎందుకంటే అతను జ్యూస్ సోదరుడు, సముద్ర దేవుడు పొసైడన్‌కు మానవ స్త్రీ వల్ల పుట్టిన కొడుకు. వేసవిలో పగలు అత్యంత దీర్ఘంగా ఉండే రోజులోగా పిడుగు తిరిగి రాకపోతే దేవతల మధ్య యుద్ధం తప్పదు.

జ్ఞాన దేవత ఎథీనా కూతురు అనాబెత్, మేక కాళ్లున్న గ్రోవర్‌తో కలిసి పెర్సీ న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్ వరకు ప్రయాణిస్తాడు.

దారిలో ఎదురయ్యేవన్నీ పాత పురాణ పాత్రలే. వేషాలు మాత్రం కొత్తవి. చూపుతోనే మనుషుల్ని రాళ్లుగా మార్చే మెడూసా న్యూజెర్సీలో బొమ్మల దుకాణం నడుపుతుంటుంది. హోమర్ 'ఒడిస్సీ'లో తామరలు తిని ఇల్లు మరిచిపోయే మనుషుల దేశం ఇక్కడ లాస్ వేగస్‌లో కేసినో అయింది. కాసేపు ఆడుకుని బయటికొచ్చిన పిల్లలకు అప్పటికే ఐదు రోజులు గడిచిపోయాయని తెలుస్తుంది. దేవతల నివాసం ఒలింపస్ ఎంపైర్ స్టేట్ భవనంలో 600వ అంతస్తు. నిజానికి ఆ భవనానికి ఉన్నవి 102 అంతస్తులే. చనిపోయినవారిని నది దాటించే ఖేరాన్ సూటు వేసుకుని, జీతం పెంచడం లేదని వాపోతుంటాడు.

యముడిని భూలోకానికి రప్పించిన 'యమగోల' (1977) లాంటి సినిమాలు చూసిన తెలుగువారికి ఈ హాస్యం కొత్తేమీ కాదు.

డిస్లెక్సియా వరమా?

నవల ప్రకారం పెర్సీ మెదడు ప్రాచీన గ్రీకు భాష కోసం తయారైంది. అందుకే ఇంగ్లిష్ అక్షరాలు లొంగవు. కుదురుగా కూర్చోలేకపోవడం యుద్ధరంగంలో ప్రాణాలు కాపాడే చురుకుదనం.

వాస్తవంలో డిస్లెక్సియా అలాంటిది కాదు. భాషలోని శబ్దాలను అక్షరాలతో జోడించడంలో మెదడుకు ఎదురయ్యే ఇబ్బంది అది. కంటి చూపు లోపం కాదు. తెలివితేటలకూ దానికీ సంబంధం లేదు. దాని వెనుక ఏ రహస్య శక్తీ ఉండదు. అలాంటప్పుడు పిల్లలకు ఇలాంటి కథ చెప్పడం మభ్యపెట్టడమే కదా అని ఎవరైనా అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే.

దానికి జవాబు నవలలోని ఒక టీచర్ పాత్రలో దొరుకుతుంది. లాటిన్ పాఠాలు చెప్పే బ్రనర్ మాస్టారు క్లాసును ఆటగా మార్చేస్తారు. కత్తి పట్టుకుని, పిల్లల చేతికి సుద్దముక్కలిచ్చి, పోటీ పెట్టి పురాణ పాత్రల పేర్లు రాయిస్తారు. అయితే డిస్లెక్సియా ఉందని పెర్సీకి మార్కుల్లో మినహాయింపు ఇవ్వరు. అందరితో సమానంగా రాణించాలని ఆశిస్తారు. పెర్సీకి అది చిరాకు తెప్పిస్తుంది. అయినా తన మీద నమ్మకం పెట్టుకున్న టీచర్ ఆయనొక్కరేనని అతనికి తెలుసు. పద్ధతి మార్చాలి కానీ అంచనా తగ్గించకూడదని ఆ పాత్ర చెబుతుంది.

భారత్‌లో ఈ విషయం మీద విస్తృతంగా చర్చ జరగడానికి 2007 నాటి హిందీ సినిమా 'తారే జమీన్ పర్' దోహదపడింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. సీబీఎస్‌ఈ లాంటి బోర్డులు ఈ విద్యార్థులకు పరీక్షల్లో అదనపు సమయం ఇస్తున్నాయి. కానీ ధ్రువపత్రం చేతికొచ్చేలోపే చాలామంది పిల్లలకు 'మొద్దు', 'బద్ధకస్తుడు' అనే పేర్లు స్థిరపడిపోతాయి. ఒకేసారి రెండు మూడు లిపులు నేర్చుకోవాల్సిన మన బడుల్లో అసలు ఇబ్బంది ఎక్కడుందో గుర్తించడం మరింత కష్టం.

తండ్రి గుర్తించని బిడ్డలు

నవలలో ఇంకో గాయం కూడా ఉంది. దేవతల బిడ్డలు తలదాచుకునే శిబిరంలో ఒక్కో ప్రధాన దేవతకు ఒక్కో ఇల్లు ఉంటుంది. తమ తల్లో తండ్రో ఏ దేవతో తెలియని పిల్లలు మాత్రం హెర్మీస్ ఇంట్లో నేల మీద సర్దుకుని పడుకుంటారు. ఎప్పటికైనా 'వీడు నా బిడ్డ' అనే సంకేతం వస్తుందని ఎదురుచూస్తుంటారు. కొందరికి అది ఎప్పటికీ రాదు.

మహాభారతం తెలిసినవారికి ఇక్కడ కర్ణుడు గుర్తుకొస్తాడు. సూర్యుడి కొడుకై ఉండి సూతుల ఇంట పెరిగిన కర్ణుడికి తన పుట్టుక సంగతి తెలిసేసరికి, అతను ఏ పక్షాన నిలబడాలో ఎప్పుడో తేలిపోయింది.

నవలలో పిడుగు దొంగ కథ కూడా ఇంచుమించు అంతే. పెర్సీకి కత్తి తిప్పడం నేర్పిన ల్యూక్ అనే యువకుడే ఆ దొంగ. అతను హెర్మీస్ కొడుకు. తండ్రి తనను పట్టించుకోలేదన్న కోపమే అతన్ని దేవతల శత్రువైన క్రోనస్ వైపు నడిపించింది. అతను చేసింది తప్పని నవల చెబుతుంది. కానీ అతని ఫిర్యాదు అబద్ధమని ఎక్కడా చెప్పదు. పొసైడన్ కూడా పెర్సీని తొలిసారి కలిసినప్పుడు, వీరుడి తలరాత విషాదమే కాబట్టి నువ్వు పుట్టినందుకు విచారిస్తున్నానంటాడు.

2009లో వచ్చిన ఐదో నవలలో దేవతలు పెర్సీకి అమరత్వం ఇస్తామంటారు. అతను వద్దంటాడు. దానికి బదులుగా, పిల్లలకు 13 ఏళ్లు వచ్చేలోపు దేవతలంతా తమ బిడ్డలను గుర్తించి తీరాలని మాట తీసుకుంటాడు. ఐదు పుస్తకాల యుద్ధం పిల్లల పట్ల పెద్దల బాధ్యత దగ్గర తేలుతుంది.

మన పురాణాల సంగతేంటి?

హిందూ పురాణాలతోనూ ఇలాంటి నవల రాయమని పాఠకులు రయర్డన్‌ను అడిగేవారు. ఆ కథలతో పెరిగినవాళ్లే వాటిని బాగా చెప్పగలరన్నది ఆయన సమాధానం. అలాంటి రచయితల కోసం డిస్నీ ప్రచురణ సంస్థలో తన పేరుతో ఒక విభాగం మొదలైంది. 2018లో అందులో వచ్చిన మొదటి పుస్తకం 'అరూ షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్'. రచయిత్రి రోషనీ చోక్షి తండ్రి భారతీయుడు, తల్లి ఫిలిప్పీన్స్‌కు చెందినవారు. ఈ కథలో పాండవులు మన కాలపు అమెరికాలో అమ్మాయిలుగా పుడతారు.

అయితే ఒక తేడా ఉంది. జ్యూస్‌ను ఇవాళ పూజించేవారు చాలా తక్కువ. మన పురాణ పాత్రలు కోట్ల మంది ఇళ్లలో పూజలందుకుంటున్నాయి. దేవుడిని బాధ్యత మరిచిన తండ్రిగా చూపించే స్వేచ్ఛ రయర్డన్‌కు ఉన్నంత సులభంగా భారతీయ రచయితకు దొరకదు.

ఇంట్లో చదవడానికి ఇబ్బంది పడే పిల్లలుంటే ఈ పుస్తకాన్ని చేతికిచ్చి చదవమని వదిలేయకుండా, పెద్దలే చదివి వినిపించవచ్చు. ఆడియోబుక్ కూడా ఉంది. ఈ కథ మొదట బతికింది కూడా ఒక తండ్రి గొంతులోనే.