కోయకుండానే కండరం సంగతి ఎలా తెలుస్తుంది?

పిల్లలూ! విజయవాడలో ఇంద్రకీలాద్రి మెట్లు గబగబా ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి. కాసేపు కూర్చుంటే మళ్ళీ ఓపిక వస్తుంది. ఆ కాసేపట్లో కండరం లోపల ఏం జరుగుతోంది? కోయకుండా, సూది గుచ్చకుండా చూడగలమా?

కండరానికి అప్పటికప్పుడు శక్తినిచ్చేది ఏటీపీ అనే పదార్థం. అది ఖర్చయ్యేకొద్దీ వెంటనే తిరిగి తయారయ్యేలా చూసేది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దీన్ని అమెరికాలో శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి కనుగొన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. అప్పట్లో కండరాన్ని బయటికి తీసి పరీక్షించాల్సి వచ్చేది.

ఇప్పుడు ఎన్.ఎం.ఆర్. అనే పద్ధతి ఉంది. ఈ రెండు పదార్థాల్లోనూ భాస్వరం ఉంటుంది. భాస్వరం పరమాణువు నడుమ ఉండే కేంద్రకం ఓ బుల్లి అయస్కాంతం. కాలిని పెద్ద అయస్కాంతంలో ఉంచి రేడియో తరంగాలు పంపితే, ఆ కేంద్రకాలు సన్నని సంకేతాన్ని తిరిగి పంపుతాయి. వంటింట్లో ఏదైనా కింద పడితే చప్పుడును బట్టే గ్లాసో పళ్ళెమో అమ్మ చెప్పేస్తుంది కదా! అలాగే, పక్కనున్న పరమాణువులను బట్టి సంకేతం కాస్త మారుతుంది. దాన్నిబట్టి పదార్థం పేరు, సంకేతం బలాన్నిబట్టి దాని పరిమాణం తెలుస్తాయి.

అయస్కాంతంలో ఉండగానే పాదంతో పెడల్ తొక్కిస్తారు. సంకేతాలను గీతలుగా చూపే తెరమీద ఫాస్ఫోక్రియాటిన్ గీత కుంగుతుంది, శక్తి ఖర్చయినప్పుడు విడిపోయే ఫాస్ఫేట్ గీత లేస్తుంది, ఏటీపీ గీత మాత్రం పెద్దగా కదలదు. తొక్కడం ఆపితే కొద్ది నిమిషాల్లో అన్నీ మామూలవుతాయి.

1974లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఎలుక కాలి కండరంలో ఈ సంకేతాలను పట్టుకున్నారు. నేడు కండరాల జబ్బుల పరిశోధనలో ఈ పద్ధతి వాడుతున్నారు. సుబ్బారావు గారి జీవిత కథ దొరికితే తప్పక చదవండి!