జిల్లేడు: రంగు కాదు, రేకుల తీరు చూడండి

రాజుపాలెం నుంచి కొండమోడు వైపు వెళ్తుంటే రోడ్డు వారన, పత్తిచేల గట్ల మీద, బీళ్లలో ఎక్కడ చూసినా జిల్లేడే. ఎవరిని అడిగినా జిల్లేడు రెండు రకాలంటారు: తెల్లది, నల్లది. రెండు రకాలున్న మాట నిజమే. కానీ వాటిని విడదీసే గుర్తు రంగు కాదు.

మన మెట్టల్లో పెరిగే రెండు జాతుల శాస్త్రీయ నామాలు కెలోట్రోపిస్ జైగాంటియా, కెలోట్రోపిస్ ప్రోసెరా. మొదటిదాన్ని 1753లో లిన్నేయస్, రెండోదాన్ని 1789లో విలియం ఐటన్ శాస్త్రానికి పరిచయం చేశారు. జైగాంటియా పూలు లేత ఊదాగా ఉంటాయి, ఒక్కోచోట పూర్తిగా తెల్లగానూ ఉంటాయి. వినాయకుడికి ప్రీతి అని వెతికి తెచ్చుకునే తెల్లజిల్లేడు చాలావరకు ఇదే. అంటే పక్కపక్కనే ఉన్న తెల్ల పూల చెట్టు, ఊదా పూల చెట్టు ఒకే జాతివి కావచ్చు.

మరి తేడా ఎలా పట్టుకోవాలి? విచ్చిన పువ్వును దగ్గరగా చూడండి. అయిదు రేకులూ వెల్లకిలా పరుచుకుని, కొసలు కిందికి వంగి ఉంటే అది జైగాంటియా. రేకులు గిన్నె అంచులా పైకి నిలబడి, లోపల తెల్లగా, కొసల్లో ముదురు ఊదా మచ్చతో ఉంటే ప్రోసెరా. విచ్చని మొగ్గ గుండ్రంగా ఉండడం కూడా ప్రోసెరా గుర్తే. ఎత్తును బట్టి తేల్చడం మాత్రం కష్టం. నేల, నీరు, నరికివేతను బట్టి అది మారిపోతుంది. అందుకే నేను ముందు రేకులనే నమ్ముతాను.

పువ్వు నడుమ కిరీటంలా లేచిన భాగం రెండింటికీ ఉంటుంది. పుప్పొడి ఇక్కడ పొడిగా రాలదు, చిన్న జంట ముద్దలుగా ఉంటుంది. తేనె కోసం వాలిన తుమ్మెద కాలికి ఆ జంట తగులుకుని మరో పువ్వుకు చేరుతుంది. ఇంత నేర్పున్న పువ్వును కలుపు మొక్కదని తీసిపారేయడం నాకు బాధగా ఉంటుంది.

జైగాంటియా ఇల్లు దక్షిణాసియా, ఆగ్నేయాసియా. ప్రోసెరా ఆఫ్రికా, అరేబియా ఎండుభూముల నుంచి మన దాకా వ్యాపించి ఉంది. దాన్ని ఆస్ట్రేలియా, బ్రెజిల్‌కు మనుషులే చేర్చారు. అక్కడ పచ్చిక బీళ్లకు అది పెద్ద బెడదయింది. ఇక మన దగ్గర, నల్లగీతలు, పసుపు చుక్కల గొంగళిపురుగు ఒకటి జిల్లేడు ఆకులు తిని, వాటి విషాన్ని ఒంట్లో దాచుకుని నారింజ రంగు సీతాకోకచిలుకవుతుంది. ఆ విషం వల్లే చాలా పిట్టలు దాని జోలికి పోవు.

రథసప్తమికి ఏ జాతి ఆకులు కోసినా పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే మొదట నొప్పి తెలియకపోవచ్చు, తర్వాత చూపు మసకబారుతుంది. పిల్లల చేత కోయించకండి. కోసినవాళ్లు చేతులు శుభ్రంగా కడుక్కునేదాకా కళ్లు నలపకూడదు. పొరపాటున పడితే ధారగా మంచినీళ్లతో కడిగి, అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి.