సెలవులకు ఇంటికొచ్చాక యూనివర్సిటీ నెట్ ఎందుకు అందదు? అందాలంటే ఏం చేయాలి?

ఏటా మే, జూన్ నెలల్లో మాకు వచ్చే ప్రశ్నల్లో ఒకటి దాదాపు ఒకే మాటల్లో ఉంటుంది. "క్యాంపస్‌లో ఉన్నప్పుడు తెరుచుకున్న జర్నల్ ఇంటికొచ్చాక డబ్బు కట్టమంటోంది. ఎందుకు?" బరంపురం నుంచి అడిగారు, హోసూరు నుంచి అడిగారు, మొన్న సోలాపూర్ నుంచీ అడిగారు. అడిగేవాళ్లు చాలావరకు ఇంట్లో మొదటిసారి పీజీ దాకానో, పీహెచ్‌డీ దాకానో వెళ్లినవాళ్లు. చెప్పడానికి ఇంట్లో పెద్దవాళ్లకు తెలియదు. యూనివర్సిటీ ఇచ్చే సూచనలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, లేదంటే ఆ రాష్ట్ర భాషలో. తెలుగులో ఎక్కడా ఉండవు. అందుకే ఈసారి ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాయకుండా, సంగతంతా ఒకచోట పెడుతున్నాం.

ముందు ఆ జర్నల్ మిమ్మల్ని ఎలా గుర్తుపడుతుందో చూద్దాం. నిజానికి అది మిమ్మల్ని గుర్తుపట్టదు. పెళ్లికి మగపెళ్లివారి బస్సు వచ్చి ఆగిందనుకోండి. దిగినవాళ్లందరికీ పన్నీరు చల్లి లోపలికి పిలుస్తారు. నువ్వెవరు, వరసేంటి అని ఒక్కొక్కరినీ అడగరు. అదే మనిషి మర్నాడు ఒంటరిగా ఆటోలో దిగితే గుమ్మం దగ్గర ఎవరో ఒకరు ఆపి అడుగుతారు. ఇక్కడ ఆ బస్సు పేరు ఐపీ అడ్రస్. ప్రతి యూనివర్సిటీకి ఇంటర్నెట్‌లో కొన్ని అంకెల చిరునామాలు ఉంటాయి. ఫలానా అంకెల నుంచి వచ్చినవాళ్లు మా వాళ్లే అని యూనివర్సిటీ ముందే జర్నల్ కంపెనీకి రాసిస్తుంది. క్యాంపస్ వైఫైలో ఉన్నప్పుడు మీరు ఆ బస్సులో ఉన్నట్టే. ఇంట్లో జియోనో, ఎయిర్‌టెల్‌నో పట్టుకుంటే మీరు ఆటోలో దిగినవాళ్లు. మీ చందా ఆగిపోలేదు, మీ పేరూ కొట్టేయలేదు.

ఇది చిన్న విషయం కాదు. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్ 25న 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందాలన్నది లెక్క. కేంద్ర ప్రభుత్వ సంస్థలతో పాటు రాష్ట్ర ప్రభుత్వాల యూనివర్సిటీలు, కాలేజీలు కూడా ఇందులోకి వస్తాయి. అంటే మనవాళ్లు చదివే చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఈ జర్నళ్లకు డబ్బు కట్టేసి ఉంది. అది తెలియక ఒక్కో వ్యాసానికి ముప్పై, నలభై డాలర్లు అడిగే పేజీ చూసి వెనక్కి తిరిగినవాళ్లు మాకు తెలుసు. ఆ పేజీలో ఎప్పుడూ కార్డు నంబర్ కొట్టకండి.

క్యాంపస్ లోపల

లోపల ఉన్నవాళ్లకూ తిప్పలు ఉంటాయి. వైఫై రెండు రకాలు. మొదటి రకంలో వైఫై తగులుకోగానే ఒక లాగిన్ పేజీ వస్తుంది. రోల్ నంబర్, పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ పేజీ రాకపోతే చాలామంది ఫోన్ పాడైందనుకుంటారు. మొబైల్ డేటా ఆపి మళ్లీ చూడండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో 'ప్రైవేట్ డీఎన్ఎస్' అని ఒకటి ఉంటుంది. ప్రకటనలు రాకుండా ఎవరో చెబితే అక్కడ ఏదో పేరు పెట్టి మరిచిపోతాం. లాగిన్ పేజీని అదే అడ్డుకుంటుంది. దాన్ని 'ఆటోమేటిక్'కు మార్చండి.

కొన్ని హాస్టళ్లలో ఫోన్ మ్యాక్ అడ్రస్ రాయించుకుని, ఆ పరికరానికే నెట్ ఇస్తారు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ దాచి, ఉత్తుత్తి అడ్రస్ చూపించడం మొదలుపెట్టాయి. మీరు రాయించింది ఒకటి, ఫోన్ చూపించేది ఇంకొకటి అయితే నెట్ రాదు. ఆ ఒక్క వైఫైకి మాత్రం ప్రైవసీ సెట్టింగ్‌లో 'యూజ్ డివైస్ మ్యాక్' ఎంచుకోండి. ఐఫోన్‌లో అయితే 'ప్రైవేట్ వైఫై అడ్రస్' ఆపండి. బయట కాఫీ హోటల్ వైఫైకి, రైల్వే స్టేషన్ వైఫైకి అలా మార్చనక్కర్లేదు.

రెండో రకంలో పేజీ ఏమీ రాదు. వైఫైలో చేరేటప్పుడే యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎడ్యురోమ్ ఈ కోవలోదే. ఇది నెదర్లాండ్స్‌లో 2002లో వచ్చిన ఆలోచన. ఇప్పుడు 100కు పైగా దేశాల్లో ఉంది. మన దేశంలో ఈఆర్‌నెట్ ఇండియా నడుపుతోంది. మీ యూనివర్సిటీ ఇందులో ఉంటే, ఎడ్యురోమ్ ఉన్న ఏ క్యాంపస్‌కు వెళ్లినా మీ పాత లాగిన్‌తోనే నెట్ వస్తుంది. మీరు చెన్నైలో చదువుతూ సెమినార్‌కు బెంగళూరు వెళ్లారనుకోండి. బెంగళూరు క్యాంపస్ మీ పాస్‌వర్డ్ చూడదు. మీ పేరు చివర 'ఎట్' గుర్తు తర్వాత ఉన్న యూనివర్సిటీ పేరు చూసి, మీ విన్నపాన్ని మీ యూనివర్సిటీకే పంపుతుంది. అక్కడ అవునంటే ఇక్కడ తలుపు తీస్తారు.

మనవాళ్లు పొరబడేది ఆ 'ఎట్' గుర్తు దగ్గరే. సొంత క్యాంపస్‌లో ఉత్త రోల్ నంబర్ కొట్టినా కొన్నిచోట్ల పనిచేస్తుంది. బయటికి వెళ్లాక పనిచేయదు, ఎందుకంటే విన్నపాన్ని ఎక్కడికి పంపాలో అక్కడివాళ్లకు తెలియదు. పూర్తి పేరుతో సొంత క్యాంపస్‌లోనే ఒకసారి తగిలించి చూసుకుని బయల్దేరండి. 'సీఏ సర్టిఫికెట్' అడిగే చోట ఏదో ఒకటి నొక్కేయడం కూడా మంచిది కాదు. ఎడ్యురోమ్ అనే పేరుతో ఎవడైనా ల్యాప్‌టాప్ నుంచి దొంగ వైఫై పెట్టగలడు. సర్టిఫికెట్, డొమైన్ సరిగా నింపితేనే మీ ఫోన్ అసలుదేదో నకిలీదేదో పోల్చుకుంటుంది. 'గెట్ఎడ్యురోమ్' అనే యాప్‌లో మీ యూనివర్సిటీ పేరు కనిపిస్తే ఆ యాపే అన్నీ నింపిపెడుతుంది.

ఇంటి నుంచి

ఇంటి నుంచి చేరడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి వీపీఎన్. అంటే ఆటోలో పెళ్లింటికి నేరుగా పోకుండా, ముందు విడిదింటికి వెళ్లి అక్కడ బస్సెక్కడం. యూనివర్సిటీ చెప్పిన యాప్ వేసుకుని లాగిన్ అయితే, మీ ఫోన్‌కు యూనివర్సిటీకి మధ్య ఒక తాళం వేసిన దారి ఏర్పడుతుంది. అక్కడి నుంచి బయటికి వెళ్లేటప్పుడు మీకు యూనివర్సిటీ చిరునామా వస్తుంది. కొన్నిచోట్ల మీ నెట్ మొత్తం ఆ దారినే పోతుంది. అప్పుడు మీరు సినిమా చూసినా యూనివర్సిటీ మీదుగానే, వాళ్ల రికార్డుల్లోకి ఎక్కుతూ! జర్నల్ పని అవగానే వీపీఎన్ ఆపేయండి.

వీపీఎన్ అంటే నేరమా అని ఒక తండ్రి మమ్మల్ని అడిగారు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల వార్త ఆయన విన్నారు. జనానికి వీపీఎన్ అమ్మే కంపెనీలు వినియోగదారుల వివరాలు ఐదేళ్లు దాచాలన్నది ఆ ఆదేశం. సంస్థలు తమ సొంతవాళ్ల కోసం నడిపే వీపీఎన్‌కు ఈ షరతు వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. చదువు కోసం యూనివర్సిటీ ఇచ్చిన వీపీఎన్ వాడటంలో భయపడాల్సింది లేదు. ప్లేస్టోర్‌లో దొరికే ఉచిత వీపీఎన్‌లు మాత్రం ఈ పనికి రావు. అవి మిమ్మల్ని ఇంకెవరి బస్సులోనో ఎక్కిస్తాయి.

రెండో దారికి యాప్ అక్కర్లేదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం 'ఇన్‌ఫెడ్' అనే ఏర్పాటు నడుపుతోంది. జర్నల్ పేజీలో 'ఇన్‌స్టిట్యూషనల్ లాగిన్' అన్నచోట నొక్కి, మీ యూనివర్సిటీ పేరు వెతికి ఎంచుకుంటే, యూనివర్సిటీ లాగిన్ పేజీకి తీసుకెళ్తుంది. అక్కడ పాస్‌వర్డ్ కొడితే, ఈయన మా మనిషే అని జర్నల్‌కు కబురు వెళ్తుంది. ఫోన్‌లో చదివేవాళ్లకు మా ఓటు దీనికే. మధ్యలో నెట్ తెగి మళ్లీ వచ్చే ఊళ్లలో వీపీఎన్ కన్నా ఇదే తక్కువ విసిగిస్తుంది.

డిగ్రీ కాలేజీల పిల్లలకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లదే 'ఎన్-లిస్ట్' అని ఇంకొకటి ఉంది. మీ కాలేజీ అందులో సభ్యత్వం తీసుకుని ఉంటే, లైబ్రేరియన్ మీ పేరున లాగిన్ చేయిస్తారు. దీనికి క్యాంపస్ చిరునామాతో పనే లేదు, ఇంటి నుంచే తెరుచుకుంటుంది. అడగాల్సింది కంప్యూటర్ విభాగాన్ని కాదు, లైబ్రరీని. ఇక పీహెచ్‌డీ గ్రంథాలు భద్రపరిచే 'శోధగంగ'కు ఏ లాగిన్నూ అక్కర్లేదు, ఎవరైనా చదువుకోవచ్చు. తెలుగు శాఖల్లో సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు కూడా అందులో ఉన్నాయి. దానికోసం వీపీఎన్‌తో కుస్తీ పట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

ఊరికి బయల్దేరే ముందు

ఈ దారులన్నీ ఉన్నా చాలామంది చిక్కుకునేది ఒకే చోట. వాటిని మొదటిసారి తెరవడానికి చాలా యూనివర్సిటీల్లో క్యాంపస్ నెట్‌లోనే ఉండాలి, లేదా రాయించిన ఫోన్ నంబర్‌కు ఓటీపీ రావాలి. మా బృందంలో ఒకరి చెల్లెలు ఈ రెండింట్లోనూ ఇరుక్కుంది. పుదుచ్చేరి వైపు చదువుతూ సెలవులకు యానాం వచ్చింది. ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. రాయించిన సిమ్ ఎప్పుడో మార్చేసింది. సినాప్సిస్ ఇవ్వడానికి పది రోజులే గడువు. ఫోన్ చేస్తే స్వయంగా వచ్చి ఫారం ఇవ్వమన్నారు. చివరికి గైడ్ ఒక ఉత్తరం రాసి, ఆమె ఐడీ కార్డు నకలు జతచేసి పంపితే నాలుగో రోజుకు నంబర్ మార్చారు. ఆ నాలుగు రోజులు స్నేహితురాలు పీడీఎఫ్‌లు పంపిస్తే గడిచింది. కాబట్టి ఊరికి రాకముందే, హాస్టల్‌లో ఉండగానే వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఒక జర్నల్ తెరిచి చూడండి. తెరుచుకుంటే ఇంట్లోనూ తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ గడువు ఎప్పుడు తీరుతుందో కూడా అక్కడే కనుక్కోండి.

పాస్‌వర్డ్ గురించి ఒక మాట గట్టిగానే చెప్పాలి. మన ఇళ్లల్లో బావమరిదికో, పిన్ని కూతురికో లాగిన్ ఇచ్చేయడం మామూలే. కాదంటే ఏమనుకుంటారోనన్న మొహమాటం. వాళ్లు ఒక్క రాత్రిలో వందల వ్యాసాలు దించితే, జర్నల్ కంపెనీ ఆ ఒక్కరినే ఆపదు. యూనివర్సిటీ చిరునామా మొత్తాన్ని ఆపేస్తుంది. అప్పుడు క్యాంపస్‌లో అందరి పనీ ఆగుతుంది, రికార్డులో ఉండేది మీ పేరు. కావాల్సిన వ్యాసం పేరు చెప్పమని అడిగి, చదవడానికి సాయం చేయండి. లాగిన్ మాత్రం ఇవ్వకండి. 'మీ యూనివర్సిటీ ఖాతా రేపు మూసేస్తాం, ఇక్కడ నొక్కండి' అని మెయిల్ వస్తే అందులోని లింకు నొక్కకుండా, యూనివర్సిటీ వెబ్‌సైట్ మీరే టైప్ చేసి వెళ్లి చూసుకోండి. సెలవుల్లో పక్కన అడగడానికి ఎవరూ లేనప్పుడే ఇలాంటివాటికి తొందరగా పడిపోతాం.

సాయం అడిగేటప్పుడు 'నెట్ పనిచేయట్లేదు' అని రాస్తే ఏ రాష్ట్రంలోనైనా జవాబు ఆలస్యమవుతుంది. తెరపై కనిపించిన మాటలు ఉన్నదున్నట్టు, ఫొటోతో సహా పంపండి. ఏ ఫోన్, ఎన్ని గంటలకు, క్యాంపస్‌లోనా ఇంట్లోనా అన్నది చేర్చండి. వాళ్ల రికార్డుల్లో వెతకడానికి ఆ సమయమే ఆధారం. ఒడియా, కన్నడం రాయలేమని సంకోచించకండి, రెండు ముక్కల ఇంగ్లిష్ చాలు. వీపీఎన్ అధ్యాపకులకే ఇస్తామని చెప్పిన చోట కూడా, శాఖాధిపతి సంతకంతో లైబ్రరీకి అర్జీ పెట్టుకుని తెచ్చుకున్న విద్యార్థులున్నారు.

కోర్సు చివర్లో ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. వైవా అయ్యాక కొన్నాళ్లకు ఖాతా మూసేస్తారు. దానితోపాటు ఆ మెయిల్, ఆ డ్రైవ్‌లో దాచిన ఫైళ్లూ పోతాయి. థీసిస్ చిత్తుప్రతులు, గైడ్‌తో నడిపిన ఉత్తరాలు, సర్వేలో తీసిన ఫొటోలు ముందే సొంత ఖాతాలోకి మార్చుకోండి. ఉద్యోగ దరఖాస్తుల్లో యూనివర్సిటీ మెయిల్ ఇచ్చి ఉంటే అక్కడా మార్చండి. ఇంటర్వ్యూ పిలుపు మూసేసిన ఖాతాకు వెళితే మీకు తెలిసే దారే ఉండదు.