వేడిని దాచే ఇటుక

పొద్దుగుంకినా కొలిమి చల్లారకూడదంటే చవగ్గా దొరికే, పగుళ్లివ్వని సిరామిక్ కావాలి. దానికోసం బూడిదనూ వదలకుండా వెతుకుతున్నారు

విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్‌ల పక్కన నిలబడిన ఎత్తయిన స్టవ్‌ల కడుపు నిండా రంధ్రాల ఇటుకలే. ఫర్నేస్ నుంచి వచ్చే వాయువును మండించి ముందు ఆ ఇటుకలను కాలుస్తారు. తర్వాత వాటి గుండా పంపిన చల్లగాలి నిప్పులు చెరుగుతూ ఫర్నేస్‌లోకి వెళ్తుంది. ఇంగ్లండ్‌కు చెందిన ఎడ్వర్డ్ కౌపర్ 1857లో పేటెంట్ పొందిన పద్ధతి ఇది. ఈ పాత సూత్రమే ఇప్పుడు సౌరశక్తికి కొత్త ఆశ.

ఎండ కాసేది పగలే. సిమెంటు, గాజు, ఉక్కు పరిశ్రమలకు రాత్రింబవళ్లూ వేడి కావాలి. సౌర థర్మల్ కేంద్రాలు ఇంతవరకూ వేడిని ఎక్కువగా కరిగిన లవణాల్లోనే దాచాయి. స్పెయిన్‌లోని అందసోల్ కేంద్రంలో ఒక్కో యూనిట్‌కు 28,500 టన్నుల లవణం పట్టింది. అయితే ఈ నైట్రేట్ లవణాలను సుమారు 565 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిచేయలేరు. బాగా చల్లారితే గడ్డకడతాయి. అమెరికాలోని క్రెసెంట్ డ్యూన్స్ కేంద్రం 2016లో లవణపు ట్యాంకు లీకవడంతో నెలల తరబడి మూతపడింది.

సిరామిక్ కారదు, గడ్డకట్టదు. జర్మనీలోని యూలిష్‌లో 2009లో మొదలైన 1.5 మెగావాట్ల సౌర గోపురం దాదాపు 700 డిగ్రీల గాలితో సిరామిక్ దిమ్మెలను వేడెక్కించింది. కాలిఫోర్నియాలో రాండో ఎనర్జీ సంస్థ 2023లో ఒక ఇథనాల్ ఫ్యాక్టరీలో ఇటుకల నిల్వను అమర్చింది. ఇటుకలను కాల్చడానికి అది కరెంటు వాడుతుంది.

మరి అడ్డంకి ఏమిటి? మొదటిది పగుళ్లు. ఉక్కు ఫ్యాక్టరీ స్టవ్‌లలోని సిలికా ఇటుకలు చల్లారితే స్ఫటిక నిర్మాణం మారి బీటలిస్తాయి. అందుకే వాటిని ఏళ్ల తరబడి వేడిగానే ఉంచుతారు. మబ్బు పట్టిన రోజున సౌర కేంద్రానికి ఆ వెసులుబాటు ఉండదు. పైగా రోజుకొకసారి కాగి చల్లారినా 30 ఏళ్లలో దాదాపు 11,000 సార్లు ఇటుక వ్యాకోచించి సంకోచించాలి. రెండోది ధర. దీన్ని తట్టుకోగల శుద్ధమైన అల్యూమినా ఖరీదైనది. నిల్వకేమో వేల టన్నులు కావాలి.

అందుకే పరిశోధకుల చూపు వ్యర్థాలపై పడింది. ఫ్రాన్స్‌లో ప్రమాదకరమైన ఆస్‌బెస్టాస్‌ను ప్లాస్మా కొలిమిలో కరిగించి తయారుచేసిన కోఫాలిట్ అనే గట్టి పదార్థాన్ని వేడి నిల్వకు పరీక్షించారు. ఆస్‌బెస్టాస్ పీచు నశించడంతో దాని విషమూ పోతుంది. థర్మల్ కేంద్రాల బూడిదపైనా ఇలాంటి ప్రయోగాలు జరిగాయి.

భారత్‌కు ఆసక్తి కలిగించేది ఈ బూడిదే. 2021-22లో దేశంలోని బొగ్గు విద్యుత్కేంద్రాలు సుమారు 27 కోట్ల టన్నుల బూడిదను వెలువరించాయి. అందులో ప్రధానంగా ఉండేవి సిలికా, అల్యూమినాలే. చిక్కల్లా బొగ్గు మారితే బూడిద గుణమూ మారడం. ఇనుము, క్షారాల పాలు పెరిగితే ఇటుక తక్కువ వేడికే మెత్తబడుతుంది. ముడిసరుకు చవకే కావచ్చు. కానీ దాన్ని ఒకే నాణ్యతతో కాల్చి, వేలసార్లు వేడిచేసి చల్లార్చి చూశాకే అది నిజంగా చవకో కాదో తేలేది.